బల్ల మీది నమూనా ఎవరిది?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇన్‌స్పైర్ ప్రదర్శనల (కేంద్రం సాయంతో బడి పిల్లలు చేసే సైన్స్ నమూనాల పోటీలు) కాలం రాగానే పాత తగాదా మళ్ళీ రాజుకుంది. పై స్థాయికి ఎంపికైన నమూనాలు పిల్లలు చేసినవి కావనీ, కొన్ని దుకాణంలో కొని తెచ్చినవనీ, మరికొన్ని ఇంజనీరింగ్ విద్యార్థులకు డబ్బిచ్చి చేయించినవనీ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల గైడ్ టీచర్లు, అంటే పిల్లలను పోటీకి తయారుచేసే ఉపాధ్యాయులు, అంటున్నారు. ఇది ఓడినవాళ్ళ దుగ్ధ తప్ప మరేమీ కాదని అవతలి పక్షం, అంటే ప్రైవేటు యాజమాన్యాలు, కొట్టిపారేస్తోంది. ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాల్లో ఫొటోలు తిరుగుతున్నాయి. వాటిలో అదే అట్టపెట్టె, అవే రంగు తీగలు, అదే చిన్న మోటారు మూడు బల్లల మీద కనిపిస్తాయి, ఆ బల్లల మీద పాఠశాలల పేర్లు మాత్రం వేరు వేరు.

ఈ గొడవ వెనక కథ రెండు రోజుల్లో రాసివ్వమని అడిగారు. అనంతపురం జిల్లాలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. గైడ్ టీచర్‌గా ఆ బల్లల వెనక నిలబడ్డాను, తర్వాత న్యాయనిర్ణేతగా వాటి ముందూ నిలబడ్డాను. కాబట్టి ఇది బయటి నుంచి చూసి రాస్తున్నది కాదు.

సి.వి. రామన్ గురించీ, ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం ఎందుకు జరుపుకుంటామో దాని గురించీ చదువరులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షనూ, 1971 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ జరుపుతున్న జాతీయ ప్రదర్శననూ, బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం నడిపే దక్షిణ భారత సైన్స్ ఫెయిర్‌నూ ఇక్కడ పక్కన పెడుతున్నాను. వాటి నియమాలు వేరు, వాటి మీద ఇప్పుడు తగాదా లేదు. నా లెక్కలో నేటి గొడవకు బీజం పడింది 2009-10 విద్యా సంవత్సరంలో. అంతకు ముందు ఏముండేదో చూస్తే తప్ప ఆ ఏడాది ఏం మారిందో అర్థం కాదు.

అంతకు ముందు మా పిల్లలకు ఉన్న పెద్ద వేదిక జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద విజ్ఞాన ప్రచారం చూసే ఎన్‌సీఎస్‌టీసీ 1993లో దీన్ని దేశమంతటా మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు దీన్ని భుజానికెత్తుకుని ఊళ్ళకు తెచ్చారు. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు అర్హులు, బడి మానేసినవాళ్ళు కూడా. రెండేళ్ళకొక ప్రధానాంశం ఇచ్చేవారు. 2004-05లో నీటి వనరులు, 2006-07లో జీవ వైవిధ్యం. పిల్లలు బృందంగా ఏర్పడి తమ ఊళ్ళోనే ఒక సమస్యను ఎంచుకోవాలి. కొలవాలి, లెక్కపెట్టాలి, పదిమందిని అడగాలి, రోజువారీగా పుస్తకంలో రాయాలి. నివేదిక ఏ భారతీయ భాషలోనైనా రాయవచ్చు, మాట్లాడవచ్చు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దల ముందు మా పిల్లలు తెలుగులో నిలబడి మాట్లాడగలిగే పోటీ అది.

అక్కడ నమూనా తప్పనిసరి కాదు. చాలా బృందాలు చుట్టచుట్టిన చార్టులు రెండు, ఒక నోట్‌బుక్కు పట్టుకుని బస్సెక్కేవి.

2005లో నేను తీసుకెళ్ళిన బృందం కళ్యాణదుర్గం వైపు ఒక ఊరిది. తొమ్మిదో తరగతి పిల్లలు ఐదుగురు. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది కూడా ఎప్పుడు కురుస్తుందో ఎప్పుడు మొహం చాటేస్తుందో ఎవరూ చెప్పలేరు. పిల్లలు ఎంచుకున్న ప్రశ్న చిన్నది: మన ఊళ్ళో బోర్లు ఏ ఏడాది ఎంత లోతు వేశారు? ఇంటింటికీ, పొలం పొలానికీ తిరిగి రాసుకున్నారు. చార్టు మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా అడుగులు. చుక్కలన్నీ కలిపితే గీత కుడివైపుకు పోయేకొద్దీ కిందికి దిగుతూ పోయింది. అది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, కానీ గీత గీసి చూపించింది ఆ ఐదుగురే.

జిల్లా పోటీలో ఒక న్యాయనిర్ణేత, డిగ్రీ కళాశాల అధ్యాపకులు, బృంద నాయకురాలిని అడిగారు. "ఇంటాయన చెప్పిన లోతు నిజమని ఎలా నమ్మావమ్మా? పదేళ్ళ కిందటి మాట, ఆయనకే గుర్తుండకపోవచ్చు కదా."

ఆ అమ్మాయి నోట్‌బుక్కు తిప్పి చూపించింది. "అందరివీ నమ్మలేదు సార్. బోరు బండివాళ్ళు అడుగుల లెక్కన డబ్బు తీసుకుంటారు. ఆ చీటీ దాచుకున్నవాళ్ళవే చార్టులో పెట్టాం. చీటీ లేనివి వెనక పేజీలో వేరుగా రాశాం."

ఆ వెనక పేజీ నేను చూడలేదు. చీటీ ఉన్నవీ లేనివీ వేరు చేయమని వాళ్ళకు నేను చెప్పలేదు కూడా. ఏ లెక్కను నమ్మవచ్చో ఏది నమ్మకూడదో ఆ పిల్లలే ఆ ఊరి అరుగుల మీద కూర్చుని తేల్చుకున్నారు. ఆ బృందం రాష్ట్ర స్థాయి దాకా వెళ్ళి ఆగిపోయింది. డబ్బు బహుమతి ఏమీ రాలేదు, ధ్రువపత్రాలు వచ్చాయి.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఆ న్యాయనిర్ణేత అడిగిన ప్రశ్న. "నీకు ఎలా తెలిసింది?" అన్నదే అక్కడ అసలు పరీక్ష. ఆ పోటీ మార్కుల పద్దులన్నీ చివరికి దానికే వచ్చి చేరేవి: స్వతంత్రమైన ఆలోచనా, వివరాలు ఎలా సేకరించారు, ఎలా విశ్లేషించారు, కలిసి పనిచేశారా.

ఇక 2009కి వద్దాం. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2008 డిసెంబరు 13న ఇన్‌స్పైర్ పథకాన్ని ప్రారంభించింది. పిల్లలు ఇంజనీరింగ్, వైద్యం వైపే పోతున్నారు, మూల విజ్ఞానం వైపు రావడం లేదన్న దిగులు అప్పుడు దేశంలో గట్టిగా ఉండేది. ఆ దిగులు నిజమైనదే. పథకంలో పై చదువులకు ఉపకార వేతనాలున్నాయి, పరిశోధకులకు ఫెలోషిప్‌లున్నాయి. పాఠశాల పిల్లల కోసం పెట్టిన భాగం ఇన్‌స్పైర్ అవార్డు. ఆరు నుంచి పదో తరగతి వరకు, పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ వయసు పిల్లలకు తలా 5,000 రూపాయలు. ఐదేళ్ళలో పది లక్షల మందికి అందించాలన్నది లక్ష్యం. నమూనా తయారు చేయడానికీ, దాన్ని జిల్లా ప్రదర్శనకు తీసుకెళ్ళడానికీ ఆ డబ్బు.

రాయలసీమ పల్లెలో చదివే పిల్లకు కేంద్ర ప్రభుత్వం నుంచి, ఆమె పేరు మీద, 5,000 రూపాయల వారెంటు (చెక్కులాంటి కాగితం) రావడం ఎంత పెద్ద సంగతో బయటివాళ్ళకు తెలియదు. మా బడికి మొదటిసారి వచ్చినప్పుడు ఆ కాగితాన్ని ప్రార్థన సమయంలో పిల్లలందరికీ చూపించాం. ఒక తండ్రి దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ పథకం వద్దని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

కానీ అది వచ్చిన క్రమం చూడండి. ప్రధానోపాధ్యాయులు ముందు పిల్లల పేర్లు పంపాలి. తరగతిలో బాగా మార్కులు వచ్చేవాళ్ళ పేర్లే వెళ్ళేవి. తర్వాత ఎప్పుడో డబ్బు వచ్చేది. డబ్బు వచ్చాక ప్రదర్శన తేదీ వచ్చేది. అప్పుడు మొదలయ్యేది ఏం చేద్దామన్న ఆలోచన. పేరు ముందు, డబ్బు తర్వాత, ఆలోచన అన్నిటికన్నా చివర. ఇంకో మార్పు కూడా ఆ క్రమంలోనే జరిగిపోయింది. అవార్డు ఒక్కరి పేరు మీద కనుక బృందం పోయింది. డబ్బుకు లెక్క చూపాలి కనుక, కంటికి కనిపించే వస్తువు కావాలి. నోట్‌బుక్కుకు 5,000 ఖర్చయిందంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ విధంగా నోట్‌బుక్కు సంచిలోకి పోయి, నమూనా బల్ల మీదికి వచ్చింది.

2011లో ఏం జరిగిందో నా సంగతే చెబుతాను. మా బడిలో ఎనిమిదో తరగతి అబ్బాయికి అవార్డు వచ్చింది. తేదీ తెలిసేటప్పటికి పన్నెండు రోజులే మిగిలాయి. పదో తరగతి పాఠాలు పూర్తి చేయించాలి, ఇంకోపక్క ఇది. గాలిమర చేద్దామని నేనే అన్నాను. మోటారు నేనే తెచ్చాను, రెక్కలు నేనే కోశాను, బల్బుకు తీగలు నేనే కలిపాను. అబ్బాయి రంగు వేశాడు. ముందు రోజు సాయంత్రం స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి, అడిగితే ఏం చెప్పాలో పది వాక్యాలు బట్టీ పట్టించాను. జిల్లా ప్రదర్శనలో ఒకరు వచ్చి "రెక్క ఇలా వంపుగా ఎందుకుంది బాబూ?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేదు. ఆ ప్రశ్న వాడిని కాదు, నన్ను అడగాల్సింది.

అది ఒక్క మా బడిలో జరిగిన తప్పయితే ఇంత రాయనక్కరలేదు. ఆ హాలులో బల్లల వెనక నిలబడ్డ గైడ్ టీచర్ల మొహాలు చూస్తే చాలామంది అదే పని చేసి వచ్చారని తెలిసిపోయింది. అందరూ మంచి ఉపాధ్యాయులే. పిల్లవాడికి వచ్చిన అవకాశం చేజారిపోకూడదన్న ఆత్రమే అందరిదీ. ఉపాధ్యాయుడు చేసిపెట్టడానికి ఒకసారి అలవాటుపడ్డాక, దుకాణం చేసిపెట్టడానికి ఎంతో దూరం లేదు. నాలుగైదేళ్ళలో పట్టణాల్లోని పుస్తకాల దుకాణాల్లో గైడ్ల పక్కనే సిరంజీలతో కదిలే జేసీబీ, నీళ్ళతో లేచే వంతెన, థర్మాకోల్ అగ్నిపర్వతం, లేజరు దొంగల గంట వరసగా కూర్చున్నాయి. అట్టపెట్టె మీద చెప్పాల్సిన వాక్యాలు కూడా అచ్చేసి ఉండేవి.

2016లో కేంద్రం ఈ లోపాన్ని గుర్తించి పథకాన్ని మార్చింది. ఇన్‌స్పైర్ అవార్డ్స్ - మనక్ అని కొత్త పేరు. గుజరాత్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌ను ఇందులో భాగస్వామిగా చేశారు. పల్లెల్లో చదువుకోని మనుషులు కనిపెట్టిన పరికరాలను వెతికి పట్టుకుని వెలుగులోకి తెచ్చిన సంస్థ అది. వాళ్ళ పద్ధతి వాళ్ళది. పిల్లవాడి పేరుకన్నా ముందు వాడి ఆలోచన రావాలి. ఆన్‌లైన్‌లో ఆలోచనను రాసి పంపాలి. సొంతదై ఉండాలి, పుస్తకాల్లోనో ఇంటర్నెట్‌లోనో ఉన్నది కాకూడదు. ఏటా పది లక్షల ఆలోచనలు పిలిచి, వాటిలో లక్షను ఎంచి, ఒక్కొక్కరికి 10,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయడం. జిల్లా ప్రదర్శనల నుంచి పది వేల మంది రాష్ట్ర స్థాయికి, అక్కడి నుంచి వెయ్యి మంది జాతీయ స్థాయికి, చివరికి అరవై మంది. ఈ మెట్లు ఎక్కినవాళ్ళలో కొందరు జపాన్ కూడా చూసి వచ్చారు. 2024-25 నుంచి పదకొండు, పన్నెండు తరగతుల వారికీ తలుపు తెరిచారు.

2009లో తలకిందులైన క్రమం 2016లో సగం సరిదిద్దబడిందని నేను నమ్ముతాను. ఆలోచన ముందుకొచ్చింది. పాలు పితికే నాయనమ్మ నడుం నొప్పి చూసి ఎత్తు మార్చుకునే పీట కావాలని రాసిన పిల్లలు, వేరుశనగ కాయలు వలిచే తల్లి వేళ్ళు చూసి రాసిన పిల్లలు మా జిల్లాలో ఉన్నారు. అలాంటి ఆలోచన మార్కుల్లో ముందుండే పిల్లకే రావాలన్న నియమం లేదు. వెనక బెంచీ పిల్లల పేర్లు మొదటిసారి పైకి వెళ్ళింది అప్పుడే.

మిగిలిన సగం న్యాయనిర్ణేత చేతిలోని కాగితంలో ఉంది. మనక్ ప్రదర్శనల్లో చూడాల్సినవి ఇవి: కొత్తదనం, సమాజానికి ఉపయోగం, పర్యావరణానికి మేలు, వాడకంలో సులువు, ఇప్పుడున్న పద్ధతుల కన్నా ఎంత మెరుగు. ఒక వస్తువును తూచడానికి ఇవి మంచి కొలతలే. ఆ వస్తువు వెనక నిలబడ్డ పిల్లను తూచడానికి ఇవి చాలవు. "నీకు ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు ఈ ఐదింటిలో చోటు లేదు. "ఇది దేనికి పనికొస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు అట్టపెట్టె మీద అచ్చేసి అమ్మవచ్చు. "నీకు ఎలా తెలిసింది?" అన్నదానికి జవాబు అమ్మడం ఎవరి తరమూ కాదు.

రెండేళ్ళ కిందట నేను న్యాయనిర్ణేతగా వెళ్ళిన ఒక ప్రదర్శనలో చూపులేనివారి చేతికర్రలు రెండు వచ్చాయి. రెండింటిలోనూ అవే విడిభాగాలు: ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఆర్డుయినో సర్క్యూట్ బోర్డు, శబ్దం పంపి అది తిరిగి వచ్చే కాలాన్ని కొలిచే, రెండు గుండ్రటి కళ్ళలా కనిపించే అల్ట్రాసోనిక్ సెన్సార్, ఒక బజరు. అడ్డంకి దగ్గరపడితే కర్ర మోగుతుంది. రెండూ కొన్న భాగాలే. ప్రోగ్రాంలో వచ్చిన కాలాన్ని 58తో భాగించే ఒక వరస ఉంటుంది, దూరం సెంటీమీటర్లలో వస్తుంది.

మొదటి అబ్బాయిని "ఈ 58 ఎక్కడిది నాయనా?" అని అడిగాను. కోటు, టై వేసుకున్న చక్కటి పిల్లవాడు. సమాజంలో దివ్యాంగులు ఎదుర్కొంటున్న ఇబ్బందుల గురించి గడగడా చెప్పడం మొదలుపెట్టాడు. మళ్ళీ అడిగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేమీ అడగలేదు.

రెండో బల్ల ఒక మండల ఉన్నత పాఠశాల అమ్మాయిది. అదే ప్రశ్న. "శబ్దం సెంటీమీటరు పోవడానికి 29 మైక్రోసెకన్లు పడుతుంది సార్, పోయి రావాలి కదా, 58." అక్కడితో ఆగలేదు. దగ్గరున్న రూళ్ళ పుస్తకం తెరిచింది. గోడకు ఎదురుగా కర్ర పెట్టి, టేపుతో కొలిచిన దూరం ఒక వరసలో, కర్ర చెప్పిన దూరం పక్క వరసలో రాసుకుంది. తర్వాతి పేజీలో గోడకు బదులు వాళ్ళ తాత కంబళి. "గోడైతే సరిగ్గా చెబుతోంది సార్. కంబళి వేలాడేస్తే తప్పు చెబుతోంది, ఒక్కోసారి అసలు చెప్పడం లేదు. కింద గుంత ఉన్నా చెప్పదు. మా అవ్వ గుంతలోనే పడింది." మెత్తటి ఉన్ని శబ్దాన్ని పీల్చుకుంటుంది, తిరిగి వచ్చేది తక్కువ. ముందుకు చూసే సెన్సార్‌కు కాళ్ళ ముందున్న గుంత కనబడదు. ఆ రెండు సంగతులూ ఆ పిల్ల తనంతట తాను పట్టుకుంది.

ఎంపికైంది మొదటి కర్ర. రెండోది "పూర్తిగా పనిచేయడం లేదని విద్యార్థిని స్వయంగా ఒప్పుకుంది" కాబట్టి పక్కన పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నా మాట ఒక్కటే రెండో కర్ర వైపు పడింది. నిర్వాహకులతో చెప్పి చూశాను. జాబితా అప్పటికే పైకి పంపేశామన్నారు.

అందుకే, కొన్న భాగాలు వాడినవాళ్ళందరినీ అనర్హులుగా ప్రకటించాలని ఇప్పుడు కొందరు అడుగుతుంటే నేను వాళ్ళతో చేయి కలపలేకపోతున్నాను. అలా చేస్తే ముందు ఇంటికి పోయేది కంబళి అమ్మాయే.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. పిల్లవాడు మోటారును తానే చుట్టుకోవాలా, సెన్సార్‌ను తానే పోసుకోవాలా అని ప్రైవేటు యాజమాన్యాలు అడుగుతున్నాయి. ఆ ప్రశ్న సబబైనదే. తమ పిల్లలకు వసతులు ఉండడం నేరం కాదని, నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు (పిల్లలు పరికరాలతో సొంతంగా ప్రయోగాలు చేసుకునే గదులు) 20 లక్షల రూపాయల సాయంతో ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటికీ ఇచ్చారని గుర్తు చేస్తున్నాయి. అదీ నిజమే. అయితే ఒకే అట్టపెట్టె మూడు బల్లల మీదికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఇంతవరకు సూటిగా జవాబు రాలేదు.

ఏటా వచ్చి పోయే గొడవ ఈసారి ఇంత వేడిగా ఎందుకుందంటే, ఈ నాలుగైదేళ్ళలో పక్క తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. 1999 నుంచి బెంగళూరు ఐఐఎస్‌సీ నడిపిన కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన్ యోజన (సైన్స్ చదివే పిల్లలకు ఉపకార వేతనమిచ్చే పథకం) పరీక్షను 2022లో ఎత్తేసి ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. 2017 జనవరిలో తిరుపతిలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు మా సీమ పిల్లలు బస్సుల్లో వెళ్ళి నోబెల్ శాస్త్రవేత్తలను కళ్ళారా చూసి వచ్చారు. ఆ కాంగ్రెస్ 2023లో నాగపూర్‌లో జరిగాక, నిధుల తగాదాతో 2024 సభలు జరగనే లేదు. బాలల సైన్స్ కాంగ్రెస్ కోవిడ్ తర్వాత మళ్ళీ లేచినా, ఏటా డిసెంబరు 27 నుంచి 31 వరకు జరిగే పాత క్రమం తప్పింది. ముప్పయ్యోది 2023 జనవరి చివర్లో అహ్మదాబాద్‌లో జరిగింది. జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి సంబరాలు మాత్రం బడి స్థాయి నుంచి ముగ్గురేసి పిల్లల బృందాలతో ఇప్పటికీ సాగుతున్నాయి, కానీ వాటికి ప్రభుత్వ నిధి లేదు.

ఇంకోవైపు ధ్రువపత్రం విలువ పెరిగింది. తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా అనే అంతరిక్ష శాస్త్ర శిక్షణ కార్యక్రమంలో ఎంపికకు ఎనిమిదో తరగతి మార్కులకు సగం విలువ ఉంటే, సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్న పత్రానికి కూడా కొంత విలువ ఉంది. పల్లె బడుల పిల్లలకు అదనపు వాటా ఇవ్వడం ఇస్రో చేసిన మంచి పని. కానీ జిల్లా స్థాయి పత్రానికి విలువ ఉందని తెలిసిన తల్లిదండ్రులు ఆ పత్రం కోసం ఎంతైనా ఖర్చు పెడతారు. పెడుతున్నారు కూడా. దారులు తగ్గి, ఉన్న ఒక్క దారికి విలువ పెరిగితే దాని ముఖద్వారం దగ్గర తోపులాట తప్పదు.

ఆ తోపులాటలో అసలు ద్వారం దాకా రాని పిల్లల గురించి ఈ వాదనలో ఎవరూ మాట్లాడడం లేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు, పంట చేతికొచ్చాక కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. ఆ వలస కాలమూ, మన ప్రదర్శనల కాలమూ చాలాసార్లు ఒకటే అవుతాయి. సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, కొందరు పిల్లలు ఆగుతారు, కొందరు తమ్ముళ్ళను చూసుకోవడానికి వెంట వెళ్ళిపోతారు.

ఆ వైపు పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు నాతో చెప్పిన సంగతి ఇది. ఒక అబ్బాయి ఆలోచన ఎంపికైంది. 10,000 పడడానికి ఖాతా వివరాలు సరిచేయాలి, దానికి ఓటీపీ కావాలి. ఫోను నంబరు తండ్రిది. తండ్రి మిరప తోటలో, ఫోను గుడిసెలో, గుడిసెలో చార్జింగ్ లేదు. ఆమె మూడు రోజులు సాయంత్రం ఏడింటికి, కూలీలు గుడిసెలకు చేరే వేళకు, ఫోను చేస్తూ కూర్చుంది. మూడో రోజు తగిలింది. "అంకెలు చెప్పన్నా, ఆరు అంకెలు వస్తాయి చూడు" అంటే, ఆయన బ్యాంకు మోసగాళ్ళనుకుని పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే అబ్బాయి చేత మాట్లాడించాక ఇచ్చాడు. డబ్బు పడేసరికి జిల్లా ప్రదర్శన దగ్గరపడింది. ఆమె తన జీతంలోంచి ముందే కొని పెట్టిన సామానుతో వాడు నమూనా చేశాడు. "నేను చేయలేదు సార్, వాడే చేశాడు, వంకరగానే ఉంది" అంది, నేను అడగకపోయినా.

ఆ వంకర నమూనా పక్కన, అచ్చు పోసినట్టున్న అట్టపెట్టె నమూనాను పెట్టి, ఒక్కో బల్ల దగ్గర మూడు నాలుగు నిమిషాల్లో తేల్చమంటున్నాం.

ఇప్పుడు ఈ మూడు జిల్లాల్లో కొందరు గైడ్ టీచర్లు అధికారులకు ఇవ్వడానికి ఒక అర్జీ సిద్ధం చేశారు. నమూనాతో పాటు పిల్లలు సొంత చేతిరాతలో రాసుకున్న నోట్‌బుక్కు బల్ల మీద ఉండాలి. గైడ్ టీచర్ బయట నిలబడి, న్యాయనిర్ణేత పిల్లతో ఒంటరిగా, తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడాలి. పనిచేయని నమూనాకు, ఎందుకు పనిచేయడం లేదో పిల్ల చెప్పగలిగితే, మార్కులు పోకూడదు. కొన్న వస్తువుల రసీదులు జత చేయాలి, దాచిపెట్టనక్కరలేదు. ఈ నాలుగింటికీ ఢిల్లీ నుంచి కొత్త పథకం రానక్కరలేదు. ఉన్న ఐదు కొలతల పక్కన న్యాయనిర్ణేతల కాగితంలో ఇంకొక గడి గీస్తే చాలు.

అర్జీ మీద సంతకం పెట్టమని నన్నూ అడిగారు, పెట్టాను. రాష్ట్ర స్థాయి ప్రదర్శనలకు ముందే దాన్ని పరిశీలించాలన్నది వాళ్ళ కోరిక. ఎందుకంటే ఈసారి జిల్లాలో మిగిలిపోయిన పిల్లల్లో పదో తరగతి వాళ్ళు వచ్చే ఏడాదికి మా బడుల్లో ఉండరు.